మా అయ్యవారు తవ్వించిన దొరువు

మా సైన్సు అయ్యవారు పోయారు. మొన్న పొద్దున్నే కావలి నుంచి వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి, "నాన్న నిద్రలోనే పోయినాడక్కా" అంది. తొంభైకి దగ్గరపడిన మనిషి, ఆయుష్షు తీరి పోయారని సర్దుకోవచ్చు. నాకు మాత్రం సర్దుకోబుద్ధి కావడం లేదు. అంత మొండి మనిషి చావుకు మాత్రం అంత సులువుగా ఎలా ఒప్పుకున్నారో!

అరవయ్యో దశకం మొదట్లో ఆయన అల్లూరు అవతల, సముద్రానికి దగ్గరలో ఉన్న మా ఊరి బడికి వచ్చారు. ట్రైనింగు ముగించుకుని వస్తూ, బట్టలతో పాటు 'ప్రాజెక్టు' అనే మాటను కూడా పెట్టెలో పెట్టుకొచ్చారు. ఆయన పాఠం చెప్పరట. మేమే ఒక పని ఎత్తుకుని, అది చేస్తూ పాఠం నేర్చుకోవాలట. మాకు ఒళ్ళు మండింది. నోట్సు చెబితే బట్టీ పట్టి ఎనిమిదో తరగతి గట్టెక్కుదామనుకునేవాళ్ళం.

"ఇది పరీక్షలో వస్తాదా సార్?" అని నేనే లేచి అడిగాను.

"దాహం పరీక్షలో రాదు. రోజూ వస్తుంది" అన్నారు.

బడి బావి నీళ్ళు ఉప్పు కషాయం. రైతుల పిల్లలం ఇంటి నుంచి సీసాల్లో తెచ్చుకుని ఎవరివి వాళ్ళం తాగేవాళ్ళం. తెచ్చుకోనివాళ్ళ నోరు సాయంత్రం దాకా ఎండాల్సిందే. బడికి మంచినీళ్ళు ఎక్కడ పడతాయో కనిపెట్టడమే మా ప్రాజెక్టు.

బావి బావికీ తిరిగి రుచి చూశాం. అట్ట మీద ఊరి పటం గీసి, తీపి బావికి ఆకుపచ్చ చుక్క, ఉప్పు బావికి ఎర్ర చుక్క పెట్టాం. సముద్రానికి దూరం జరిగేకొద్దీ తీపి అని తేల్చాం. అయ్యవారు మమ్మల్ని నమ్మి, మా నాన్నలను బతిమాలి, బడికి పడమర వైపు తవ్వించారు. నల్లమట్టి కింద పడ్డ నీళ్ళు పాత బావి నీళ్ళకంటే అన్యాయం. ఊరు ఊరంతా నవ్వింది. "ఇంకొక్క గొయ్యి దండగైందంటే నా బళ్ళో ఈ ప్రాజెక్టులు ఉండవయ్యా" అని హెడ్మాస్టరు గారు తేల్చేశారు.

మర్నాడు అయ్యవారు పటం మీద చుక్క చుక్కకూ వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. తూర్పున ఇసుక దిబ్బల మీద, జాలర్ల పాలెం ఉన్న చోట, ఒక్క చుక్కా లేదు.

"ఇక్కడ తెల్లగా ఉందేం?"

"ఆడేముండాది సార్? సముద్రం పక్కన ఉప్పునీళ్ళే గదా" అన్నాం.

వెనక వరసలో మా తరగతికంతా ఒక్కతే పాలెం పిల్ల. ఆ పిల్ల లేచింది. "మా దొరువుల్లో నీళ్ళు తియ్యగా ఉంటాయి సార్." దొరువంటే ఇసుకలో తవ్వుకునే లోతు తక్కువ గుంట. దిబ్బలో ఇంకిన వాన నీళ్ళే అందులో ఊరతాయి.

"మరి ముందే చెప్పలేదేం?"

"నన్నెవరడిగినారు సార్?"

ఆయన చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "తప్పు నాదమ్మా. ఇప్పుడడుగుతున్నా" అన్నారు.

పాలెం నీళ్ళు ముట్టుకుంటే మా ఇళ్ళల్లో ఊరుకోరు. అందుకని అయ్యవారు గడప గడపా ఎక్కారు. మా నాన్న అరుగు మీద నుంచి లేవకుండానే, "పిల్లకాయలకు పాఠాలు చెప్పమంటే పాలెం నీళ్ళు తాపిస్తానంటావేంది అయ్యవారూ?" అన్నాడు.

"ఇంకెక్కడ తవ్వాలో మీరు చెప్పండి, అక్కడే తవ్విస్తాను."

మా నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "తవ్వుకోండి. మా పిల్ల మాత్రం తాగదు" అన్నాడు.

బడికీ పాలేనికీ మధ్య దిబ్బ మీద ఈసారి మేమే తవ్వాం. తవ్వేకొద్దీ ఇసుక జారి గొయ్యి పూడిపోయేది. మేం పారలు కింద పడేస్తే, ఆయన పంచె ఎగగట్టి లోపలికి దిగి, "గొయ్యి మనకంటే మొండిదా?" అనేవారు. ఆ మాట తరవాత నా బతుకులో ఎన్ని చోట్ల పనికొచ్చిందో చెప్పలేను.

నీళ్ళు ఊరాయి. పాలెం పిల్ల దిగి చెంబుతో ముంచింది. ఎవరం కదల్లేదు. "మీరు తాగి చెప్పండి సార్" అన్నాం.

"నేను చెబితే అది నా పాఠమవుతుంది. ప్రాజెక్టు మీది" అని ఆయన పక్కకు తప్పుకున్నారు.

ఆ పిల్ల చెంబు పట్టుకుని మా మొహాల్లోకి చూస్తూ నిలబడింది. ఆ చూపుకు నేను ఆగలేకపోయాను. ముందుకెళ్ళి దోసిలి పట్టాను. పోసింది. తాగాను. "తియ్యగుండాయి" అని అరిచాను.

ఆ సాయంత్రం మా అమ్మ నన్ను పెరట్లో నిలబెట్టి నెత్తిన నీళ్ళు కుమ్మరించింది. మర్నాడు మళ్ళీ తాగాను. హెడ్మాస్టరు గారు కూడా తాగారు. ప్రాజెక్టులు సాగాయి.

ఫోన్ పెట్టేశాక నాకు ఆ దిబ్బే కళ్ళ ముందు నిలిచింది. నా వెనకాల ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. పాలెం పిల్ల వంచిన చెంబు ఎత్తకుండా పోస్తోంది. వరసలో అందరికంటే చివర, మోకాళ్ళ దాకా తడి ఇసుకతో, తన వంతు కోసం దోసిలి పట్టుకుని మా అయ్యవారు.