ఊఫర్ వెనక వగ్ది

ఈజిప్టులో, మా మన్సూరాలో పెళ్లిళ్లు ఎక్కువగా గురువారం సాయంత్రాలే. మేస్త్రీ కాబట్టి అందరూ ఉస్తా అని పిలిచే వగ్దికి మాత్రం ఆ రోజు నిద్ర లేచిన దగ్గర్నుంచే కాలు ఒకచోట నిలవదు. టీ నిలబడే తాగుతాడు. అదీ పూర్తిగా తాగడు. సగం గ్లాసు నా ఇస్త్రీ బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. కాసేపటికి తిరిగొచ్చి, "నా టీ ఎవడు చల్లార్చాడు షెహాతా?" అని నన్నే నిలదీస్తాడు.

నాది ఇస్త్రీ కొట్టు, పక్కది అతని రిపేరు కొట్టు. మధ్యలో గోడ ఉందన్న పేరే గాని, అతను ఊఫర్ పరీక్షించినప్పుడల్లా నా బల్ల మీద మడతపెట్టిన చొక్కాలు వాటంతటవే జరిగి అంచుదాకా వచ్చేస్తాయి. పెళ్లిళ్లలో బేస్ దద్దరిల్లించే పెద్ద ఊఫర్లు బాగుచేయడమే అతని బతుకు. ఆంప్లిఫయర్ విడిగా కాకుండా పెట్టెలోనే ఇమిడి ఉంటుంది చూడండి, ఆ రకం.

"వీటికి పుట్టుకతోనే జబ్బు," అంటాడు వగ్ది. "ఢాం ఢామ్మని గుద్దే స్పీకరూ, వణుకంటే గిట్టని సర్క్యూటూ ఒకే గదిలో కాపురం! అత్తాకోడళ్లు నయం. వాళ్లు మధ్యమధ్యలో నిద్రయినా పోతారు."

అందుకే టంకాలు వదులవుతాయి, కెపాసిటర్లు ఉబ్బుతాయి, వీధి దీపం స్తంభం నుంచి లాక్కున్న కరెంటు ఎక్కీ దిగీ మిగతాది కాల్చేస్తుంది. వగ్ది పెట్టె వెనక ఉన్న ఇనప పలకను మరలు విప్పి బయటికి లాగి, ఆ పలకకున్న బోర్డును ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తాడు. చేతిలో వాసి ఉంది. ఓపికే లేదు. పెట్టె ఒకసారి సరిగ్గా మోగిందంటే చాలు, అతని మనసు పక్క పెట్టె మీదికి దూకేస్తుంది. పలక మూయడం, మరలు బిగించడం, పెట్టె తుడిచి పంపడం అన్నీ అతని భార్య ఇన్సాఫ్ చూసుకుంటుంది.

ఈ మధ్య ఆవిడ ఇంకో పని కూడా మొదలుపెట్టింది. "ఊళ్లో సగం పెళ్లిళ్లు నీ చేతి చలవతోనే మోగుతున్నాయి, ఒక్క పెట్టె మీదా నీ పేరుండదు. ఇదేం న్యాయం, హాతెం నాన్నా?" అని, మొగుణ్ణి కొడుకు పేరుతో పిలిచి మరీ పోరి, నిగనిగలాడే ప్లాస్టిక్ స్టిక్కర్లు అచ్చు వేయించింది. అరచేతికి రెండింతలుంటాయి. పేరు, ఫోను నంబరు, మీసంతో సహా వగ్ది మొహం. బాగైన పెట్టె బయటికెళ్లే ముందు బిస్మిల్లా అని తనే అంటిస్తుంది. అతను తల తిప్పి చూసేవాడు కూడా కాదు, అప్పటికే ఇంకో పలక విప్పుతుండేవాడు.

ఇక అసలు సంగతి. ఊళ్లో పెళ్లిళ్లకు సౌండు అద్దెకిచ్చేది మాలిం బషంది, అంటే బషంది షావుకారు. వగ్ది కొట్టులో పనంతా దాదాపు అతనిదే. అతని దగ్గరున్న ఊఫర్లలో అన్నిటికన్నా పెద్దది, అందరూ ఏనుగు అని పిలిచేది, వగ్ది రెండుసార్లు బాగుచేసి పంపినా, రెండు పెళ్లిళ్లలోనూ నట్టనడి పాటలో నోరు మూసేసుకుంది. రెండోసారి బషంది కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఉస్తా, ఈ గురువారం దాన్ని సామెహ్ వాళ్ల పెళ్లికి పెడుతున్నా. మూడోసారి ఆగిందంటే నా పెట్టెలన్నీ వంతెన అవతలి కొట్టుకి పోతాయి. మన మధ్య మాటలు మాత్రం ఉంటాయిలే, కోపం లేదు."

వగ్ది ఏనుగును మళ్లీ విప్పాడు. పలక బయటికి లాగి, రోజంతా పూర్తి శబ్దంతో మోగించాడు. వీధిలో పసిపిల్లలు నిద్రపోలేదు, నా చొక్కాలు రెండుసార్లు కిందపడ్డాయి. ఏనుగు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "దీనికే రోగమూ లేదు షెహాతా! నాకే ఏదో ఉంది," అన్నాడు జుట్టు పీక్కుంటూ. ఆ తర్వాత ఇన్సాఫ్ పలక మూసింది, పెట్టె తుడిచింది, బిస్మిల్లా అంది.

గురువారం చీకటి పడుతుండగా నా దగ్గరికొచ్చాడు. "పద."

"ఎక్కడికి? మనల్ని పిలవలేదుగా."

"ఏనుగును పిలిచారు. చాలదూ?"

వీధికి అడ్డంగా రంగు గుడ్డలు కట్టి, బల్లలు వేసి, దీపాల తోరణాలు వేలాడదీశారు. వేదిక పక్కన గోడవారగా ఏనుగు గుండెలు బాదుకుంటోంది. వగ్ది దాని పక్కనే నిలబడిపోయాడు. పెళ్లికూతుర్ని చూడడు, పెళ్లికొడుకుని చూడడు, చప్పట్లు కొట్టడు. ఒక చెయ్యి పెట్టె మీద పెట్టి, తల వంచి, చెమటలు కక్కుతున్నాడు. షర్బత్ ఇస్తే పుచ్చుకుని తాగకుండా పట్టుకున్నాడు. అది కాస్తా బేస్ దెబ్బకి చిందిచిందీ చొక్కా చేతంతా ఎర్రగా చేసింది.

ఇలాంటి మనిషి పెళ్లిలో ఎవరి కళ్లలో పడాలో వాళ్ల కళ్లలోనే పడ్డాడు. పెళ్లికూతురి మేనత్త బహియా, హజ్ చేసొచ్చిన పెద్దావిడ గనక అందరికీ హగ్గా, వడ్డన వదిలేసి నేరుగా వచ్చింది.

"ఎవరి తాలూకు నాయనా? పిల్లవాడి వైపా, మా వైపా?"

పెట్టె తాలూకు అందామంటే భయం. అది ఆగితే జనం ముందు వెతికేది పెట్టె తాలూకు మనిషినే. "స్నేహితుణ్ణమ్మా," అన్నాడు.

"ఎవరికి?"

"ఇద్దరికీ."

నేను కళ్లు మూసుకున్నాను. పెళ్లికూతురికి ఇంతకుముందు దమియెట్టాలో ఎవరితోనో సంబంధం కుదిరి తప్పిపోయింది. ఆ అబ్బాయిని ఈ వీధిలో ఎవరూ చూళ్లేదు. హగ్గా వగ్దిని తల నుంచి కాలిదాకా చూసింది. వయసు కాస్త ముదిరింది గాని, బాధ మాత్రం సరిపోయింది.

"చూడు నాయనా," అంది గొంతు తగ్గించి. "రాసిపెట్టి లేదు. నీకూ దొరక్కపోదు ఎవరో ఒకరు. మర్యాదగా నాలుగు మెతుకులు తిని వెళ్లు."

"ఇంకాసేపుంటానమ్మా. చివరిదాకా చూసి పోతాను."

"చివరిదాకా చూస్తావా! గుండెను రాయి చేసుకొచ్చావా?" అని అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. నాకేసి తిరిగి, "నువ్వేం స్నేహితుడివయ్యా, వీణ్ణి ఇక్కడికి తీసుకొస్తావా? పసుల్ని కూడా ఇలా హింస పెట్టరు!" అని కడిగేసింది.

ఆవిడ లాగుతోంది, వగ్ది పెట్టెను పట్టుకుని వేలాడుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఏనుగు ఆగిపోయింది.

పాట వస్తూనే ఉంది, కానీ ఎముకలు తీసేసిన చేపలా ఉంది. నాట్యం చేస్తున్నవాళ్ల కాళ్లు తడబడ్డాయి. "బేస్ ఏదిరా!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్లు వెంటనే చప్పట్లతో తాళం అందుకోకపోతే పెళ్లి అక్కడే చల్లబడేది.

వగ్ది చెయ్యి విదిలించుకుని గోడకీ పెట్టెకీ మధ్య సందులోకి దూరాడు. నేను ఫోను దీపం వేసి పట్టుకున్నాను. పలక మీద చెయ్యి పెట్టి ఒక్క గెంతు గెంతాడు, రొట్టెల పొయ్యిలా కాలుతోంది. ఆ వెలుతురులో మా ఇద్దరికీ ఒకేసారి కనబడింది. పలక మధ్యలో వేడిగాలి బయటికి పోవడానికి వరసగా చీలికలుంటాయి. ఆ చీలికలన్నిటినీ కప్పుతూ, జిగురు కరిగి కాస్త కిందికి జారి, వగ్ది మొహం నవ్వుతోంది. దాని కింద పాత స్టిక్కరు. దాని కింద ఇంకోటి. ఇన్సాఫ్ ప్రతిసారీ కొత్తది అంటించింది, ఉన్నదానిమీదే.

కొట్టులో పలక బయటే ఉంచి పరీక్షించాడు కాబట్టి ఎన్నాళ్లు మోగించినా తెలిసేది కాదు. స్టిక్కరు పడేది అన్నీ అయ్యాక కదా.

వగ్ది గోళ్లతో గీకి మూడూ ఒకేసారి ఊడబీకాడు. లోపలి వేడి బుస్సుమని అతని మొహానికే కొట్టింది.

"ఇదేంటి, ఈ బొమ్మ నువ్వేగా?" పైనుంచి హగ్గా గొంతు. వంగి చూస్తోంది. "పెట్టెల మేస్త్రీవా! మరి ఆ ఏడుపు మొహం ఈ పెట్టె కోసమా? అయ్యో, నా జాలంతా దండగ చేశావు కదరా!"

"అమ్మా, తర్వాత తిట్టు, ముందు గాలి విసురు," అన్నాడు వగ్ది.

పాపం, ఆవిడ నిజంగానే అన్నం పళ్లెం తిరగేసి ఏనుగు వీపుకి విసరడం మొదలుపెట్టింది. నలుగురాడవాళ్లు తోడొచ్చారు. కొంతసేపటికి పలక మీది ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. ఢాం అంది. వీధంతా కేక వేసింది.

అప్పటికే ఎవరో ఫోను చేసినట్టున్నారు, బషంది బండి దిగి గబగబా వచ్చాడు. "మళ్లీ ఆగిందటగా. ఏమైంది?"

ధూళి అనొచ్చు. కరెంటు అనొచ్చు, స్తంభం ఎదురుగానే ఉంది, దాన్ని తిడితే ఎవరూ కాదనరు. వగ్ది చేతిలో ఉండచుట్టిన తన మూడు మొహాలూ చూపించాడు. "వేడి పోయే దారికి ఇవి అడ్డం పడ్డాయి."

"ఎవడంటించాడు?"

"నేనే," అన్నాడు వగ్ది. నేను అతనికేసి చూశాను. అతను నాకేసి చూడలేదు.

బషంది ఆ ఉండ విప్పి, నలిగిన మీసాన్ని చాలాసేపు చూశాడు. భుజాలు కదిలాయి. నవ్వో, కోపమో ఆ మోతలో తెలియలేదు. "నా మిగతా పెట్టెలకి కూడా ఉన్నాయా?"

"అన్నిటికీ."

"ఈపూట నాలుగు పెళ్లిళ్లలో ఉన్నాయి. బండెక్కు. నువ్వే పీకు." రెండడుగులు వేసి ఆగాడు. "వంతెన అవతలవాడు స్తంభాన్ని తిట్టేవాడు. నా పెట్టెలు ఎక్కడికీ పోవులే."

నాలుగు పెళ్లిళ్లు తిరిగాం. ప్రతిచోటా పెట్టె వెనక దూరి తన మొహం తనే పీక్కున్నాడు, ప్రతిచోటా ఎవరో ఒకరు ఏ వైపు చుట్టమని అడిగారు. ఇక దాచలేదు. ఇల్లు చేరేసరికి ఇన్సాఫ్ వసారాలో నిలబడి ఉంది.

"ఆగలేదు కదా?"

"బ్రహ్మాండంగా మోగింది."

"మరి స్టిక్కరు? ఎవరైనా చూశారా?"

వగ్ది మెట్టు మీద కూర్చున్నాడు. అతను కూర్చోవడం నేను చూడటం అరుదు. "చూడకేం. ఒక హగ్గా అయితే వంగి మరీ చూసి, నన్ను గుర్తుపట్టింది."

ఆవిడ మొహం విప్పారింది. అతను ఇంకేదో చెప్పబోయి, నాకేసి చూసి, మింగేశాడు. మోకాలు మళ్లీ ఊగడం మొదలైంది.

"కాకపోతే ఇన్సాఫ్, ఇక మీదట పెట్టె వెనక వద్దు, పక్కన అంటించు. వెనకాలకి ఎవరొస్తారు? జనమంతా పక్కనే నిలబడతారు."

"అదీ నిజమే," అంది ఆవిడ. "నాకు తట్టనేలేదు చూడు."