లేని చోట పెట్టిన సున్నా

ఒక సున్నా ఎంత బరువుంటుంది? ఇన్నేళ్లుగా మోస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. ఇవాళ మీకు చెబుతున్నాను.

ధర్మపురిలో మా అంగడి వెనక గదిలో టీవీకి తగిలించిన చిన్న కంప్యూటర్ ఉండేది. దాన్ని పుస్తకాలు చూసి నేనే నేర్చుకున్నాను. మా అన్న కూతురు వసంత జీవశాస్త్రం చదివింది. జన్యువుకు ముందు, దాన్ని పనిచేయించే స్విచ్చులాంటి భాగం ఉంటుందట. ఎ, టి, జి, సి అక్షరాల వరుసగా రాసే ఆ భాగంలో ఒక్క అక్షరం మారితే జన్యువు మందగిస్తుందో లేదో చెప్పే ప్రోగ్రాం కావాలంది. రాశాను. తను అక్షరాలు చదివేది, నేను కొట్టేవాణ్ణి. అంత సంతోషంగా మరే పనీ చేయలేదు.

జన్యువు మొదలయ్యే అక్షరం నంబరు ఒకటి. దానికి ముందరిది మైనస్ ఒకటి. వాళ్ల లెక్కలో నడుమ సున్నా ఉండదు. లెక్కలతో బతికినవాణ్ణి, సున్నా లేకుండా ఎలా ఉంటుందని, ఎవరినీ అడగకుండానే పెట్టేశాను. స్విచ్చు అక్షరాలన్నీ ఒక చోటు పక్కకు జరిగాయి.

బెంగళూరులో పరిశోధనకు చేరాలని వెళ్లిన వసంత, పెద్దల ముందు తనే అక్షరాలు కొట్టి ఆ ప్రోగ్రాం నడిపింది. జన్యువును మందగింపజేస్తుందని అందరికీ తెలిసిన మార్పును, ఏమీ చేయనిదిగా ప్రోగ్రాం చూపించింది. వసంతను చేర్చుకోలేదు.

ఆ సంగతి విన్న సాయంత్రమే వెతికాను. సున్నా కనబడింది. తీసేశాను. మర్నాడు వసంత మళ్లీ నడిపి చూసింది.

"ఇప్పుడు సరిగా చెప్తా ఉందే చిన్నాయనా! అట్లయితే అక్కడ నేనే ఒక అక్షరం విడిచి కొట్టినానా?"

"కాఫీ గ్లాసు మీద కన్ను పెట్టి కొడితే విడవకుండా ఉంటావా పాపా?"

నవ్వింది. ఆ నవ్వులోనే నమ్మేసింది.

ఎందుకలా అన్నాను? భయమా? లేక, బడి ముఖం సరిగా చూడని నన్ను పండితుడిలా చూసిన ఒకే ఒక్క మనిషి కళ్లలో చిన్నవాణ్ణి కావడం ఇష్టంలేక, ఆ చిన్నతనాన్ని తన మీదికే తోసేశానా? అదే అయి ఉంటుంది.

ఇప్పుడు వసంత ఇక్కడే కాలేజీలో పాఠాలు చెబుతుంది. సుఖంగానే ఉంది, నేనూ అంతే. ఆదివారాలు ఇద్దరం ఆ గదిలోనే కూర్చుంటాం. కానీ తను ఏది చదివినా ప్రతి అక్షరం కింద వేలు పెట్టి, రెండుసార్లు చూస్తుంది. ఎంత జాగ్రత్తో అని అందరూ మెచ్చుకుంటారు. నేను కిటికీ వైపు చూస్తాను.

మన్నించమని అడగను. ఒక్కటి మాత్రం రాస్తే చాలు, గుండె తేలికవుతుంది. ఆ సున్నా నాది. వసంత ఒక్క అక్షరమూ విడవలేదు.