తొమ్మిదో పాటలో కుట్టుమిషన్

మా ఆయన ముప్పై ఏళ్లు గిటారు వాయించాడు. అందులో ఇరవై ఆరేళ్లు జనానికి వీపే చూపించాడు. బ్యాండులో మిగతావాళ్లంతా ముందుకు తిరిగి పాడుతుంటే ఈయన వెనక్కి తిరిగి, డ్రమ్ములాయన కుడికాలు చూస్తూ వాయించేవాడు. చూసినవాళ్లు అదో పెద్ద స్టైలు అనుకున్నారు. కొందరు అలాగే వీపు తిప్పి ఫొటోలు కూడా దిగారు. అసలు సంగతి తెలిసింది నాకూ, ఆ డ్రమ్ములాయనకీ మాత్రమే. ఎదురుగా ఏదో ఒకటి వరసగా కదులుతూ ఉండకపోతే ఈయనకి తాళం తప్పేది.

ఆయన వాయించేది బ్లూస్. బాధలో ఉన్నవాడు తీగలు సాగదీసి బాధ చెప్పుకునే సంగీతమట, దానికి కాస్త రాక్ హోరు కలుపుతారట. నాకు తెలిసి ఈయనకి బాధలేమీ లేవు. తిండి దగ్గరా నిద్ర దగ్గరా ఏ లోటూ రానిచ్చుకోలేదు. అయినా గిటారు పట్టుకుంటే మాత్రం కొంప కాలిపోయినవాడిలా ముఖం పెట్టేవాడు.

యాభై రెండో ఏట, బ్యాండు పేరుతో కాకుండా తన పేరు మీదే ఒక ఆల్బమ్ చేస్తానన్నాడు. తొమ్మిది పాటలు. గిటారూ గొంతూ తప్ప ఇంకేమీ ఉండవు, డ్రమ్ములు అసలే వద్దు. ఒక్కసారైనా నేనొక్కణ్ణే వినపడాలి అన్నాడు. ఆ మాట డ్రమ్ములాయనకి గుచ్చుకుంది. రెండు నెలలు మా గడప తొక్కలేదు.

రికార్డింగు పని మా మరిదిది. ముందు గది కిటికీలకి దుప్పట్లు కట్టి మైకులు పెట్టాడు. నాలుగు రోజులైనా ఒక్క పాట ఒడ్డెక్కలేదు. ఎదురుగా ఉన్నది గోడ, అది కదలదు కదా. గడియారం పెట్టి చూశారు. చెవిలో టిక్కుటిక్కుమనే యంత్రం పెట్టి చూశారు.

"వదినా, ముప్పై ఏళ్ల అనుభవం అని మాత్రం బయట చెప్పకండి" అని గొణిగాడు మరిది.

ఐదో రోజు నేను పక్క గదిలో కర్టెన్ల అంచులు కుడుతున్నాను. నాది కాలితో తొక్కే మిషను. ఉన్నట్టుండి గిటారు దారిలో పడింది. తలెత్తితే, తలుపు సందులోంచి ఈయన నా కాలు చూస్తున్నాడు. పెళ్లైన కొత్తలో కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

ఆ మధ్యాహ్నమే మిషన్ని ముందు గదిలోకి ఈడ్చారు. నేను తొక్కడం, ఆయన వాయించడం. కిర్రుమనే చప్పుడు మైకులో పడుతోందని మరిది సణిగితే నూనె వేశాను. చప్పుడు పోయింది, దాంతోపాటే పాటా పోయింది. కాలు కనిపిస్తే చాలదట, ఆ కిర్రు కూడా వినపడాలట. ఒక పూటంతా కిరసనాయిలుతో నూనె కడిగి, కిర్రుని మళ్లీ రప్పించాం. బాగుపడ్డ మిషన్ని చెడగొట్టడానికి ముగ్గురం అంత చెమటోడ్చాం.

అలా ఎనిమిది పాటలయ్యాయి. ఇంట్లో కిటికీలన్నిటికీ కర్టెన్లు వచ్చేశాయి, నేను దిండు గలీబుల్లోకి దిగాను. తొమ్మిదో పాట సగంలో దగ్గొచ్చి ఆయన ఆపేశాడు. నేను చూసుకోలేదు, అంచు చివరిదాకా తొక్కుతూనే ఉన్నాను.

"రేపు చేద్దాంలేవే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న లేవలేదు. గుండె ఆగిందన్నారు. అది మాత్రం ఎవరి కాలూ చూసి కొట్టుకునేది కాదు కదా.

నెల తర్వాత మరిదీ డ్రమ్ములాయనా కలిసి వచ్చారు. మిషను మోత తీసేసి ఆ చోట తను వాయిస్తానని డ్రమ్ములాయన. తొమ్మిదో పాట ఎలాగూ సగమే కాబట్టి దాన్ని వదిలేద్దామని మరిది. ఆ వారంలోనే ఆల్బమ్ బయటికి పంపాలట, నేను సరేననాలట. సరేనంటే అది ఆయన చేసి వెళ్లింది కాకుండా పోతుంది. వద్దనడానికి సంగీతం గురించి నాకేం తెలుసు?

"ఇరవై ఆరేళ్లు వాడు చూసింది నా కాలు చెల్లెమ్మా. ఆఖర్న నన్ను కుట్టుమిషన్‌తో సమానం చేసి పోయాడు" అన్నాడు డ్రమ్ములాయన. "జనం నవ్వుతారు."

"వీపు చూసి చప్పట్లు కొట్టినవాళ్లే కదా అన్నయ్యా. నవ్వనీ."

ముందు ఒకసారి విందామన్నాను. మరిది తొమ్మిదో పాట పెట్టాడు. సగంలో గిటారు ఆగింది. దగ్గు. ఆ తర్వాత నా మిషను ఒక్కటే, కిర్రు కిర్రుమంటూ. డ్రమ్ములాయన నేల చూపులు చూస్తున్నాడు, కుడికాలు మాత్రం దాని మానాన అది ఆడుతోంది. ఆయనకే తెలియదు. నేను ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను. మిషను ఆగింది. కాలూ ఆగింది.

"ఎక్కడ కత్తిరిస్తావు?" అని మరిదిని అడిగాను.

మరిది నోరు తెరిచేలోపే డ్రమ్ములాయన అందుకున్నాడు. "దేన్నీ ముట్టుకోకురా."

ఆల్బమ్ అలాగే వచ్చింది. అట్ట మీద వేయమని ఆయన రాసిపెట్టుకున్న చీటీ గిటారు సంచిలో దొరికితే, దాన్నే అచ్చు వేశారు. గిటారు, గొంతు: నేను. కాలు: మా ఆవిడ.

చివర్లో వచ్చే ఆ మిషను చప్పుడు గురించి విన్నవాళ్లు గొప్పగా ఏవేవో చెబుతున్నారు. నాకు అంత తెలియదు. ఆల్బమ్ మొత్తంలో తాళం తప్పని చోటు అదొక్కటే.