వెనక అట్ట మీద ఒక్క లైను చోటు

మా పిన్ని మందుల డబ్బాలు గీస్తుంది. అంటే మాత్రల షీట్లు పెట్టే అట్టపెట్టెలకి డిజైన్ చేస్తుంది. ప్రెస్సులో కిటికీ పక్కన ఆమె కంప్యూటరు, దాని ముందు ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎవరింట్లో తలనొప్పి వచ్చినా పిన్ని చేతిపని బయటికి రావాల్సిందే. కానీ మందు డబ్బా మీద గీసినవాళ్ళ పేరు ఎవరేస్తారు?

అందుకే ప్రెస్సు మేడమీద పాటలు సాధన చేసే ముగ్గురూ దిగొచ్చి, "అక్కా, మా ఆల్బమ్‌కి వెనక అట్ట చేసిపెట్టవా" అనగానే పిన్ని కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆల్బమ్ అట్టల మీద పేరేస్తారు కదా. అడుగున, చిన్నక్షరాల్లో, ఒక్క లైను. ఆ మాట వాళ్ళతో అనలేదు. రోజూ ఆమె వెంట ప్రెస్సుకి వెళ్ళొచ్చే నాతో మాత్రం బస్సులో మూడుసార్లు అంది.

"వెనకదేగా, ఎవరు చూస్తారు, ఎలాగోలా కానిచ్చెయ్" అన్నాడు డ్రమ్ములవాడు.

"ముందు చూసి కొంటారు నాయనా. వెనక చదివాకే మింగుతారు" అంది పిన్ని.

తొమ్మిది పాటలు, వాటి నిమిషాలు, బార్‌కోడు, అన్నీ చక్కగా సర్దుకున్నాయి. కొంప ముంచింది కృతజ్ఞతల జాబితా. మొదట పన్నెండు పేర్లే. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

"అక్కా, మా పళ్ళ డాక్టర్ని కూడా కలుపు" అన్నాడు డ్రమ్ములవాడు.

"ఆయనేం వాయించాడు?"

"ఏం వాయించలా. నా పన్ను పీకాడు. లేకపోతే రికార్డింగే ఆగిపోయేది."

గిటారమ్మాయి తన కింది వాటావాళ్ళని కలపమంది, తను ఇంట్లో వాయిస్తుంటే ఆర్నెల్లు చెవులు మూసుకుని బతికినందుకు. పాడేవాడు ఒక్కటే కలపమన్నాడు: "నన్ను నమ్మిన నాకు."

జాబితా నలభై ఒకటి దాటింది. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా పిన్ని తన పేరున్న లైన్ని కిందికి జరిపింది, బార్‌కోడు పక్కకి నెట్టింది, చివరికి అట్ట కోసే గీత దాకా తీసుకెళ్ళింది. "ఇంకొక్కరొస్తే నేను కత్తి కిందే అమ్మడూ" అంది. ఒక్కరు కాదు, ఇద్దరొచ్చారు. తన లైను తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ నమూనా చూడడానికి వచ్చారు. డ్రమ్ములవాడు చదువుతూ చదువుతూ ఒక్కసారి నేల మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. అట్ట అడుగున ముచ్చటగా ఉంది: పిల్లలకు అందకుండా ఉంచండి.

కొత్త పని ఏదైనా పిన్ని పాత డబ్బా ఫైల్ తెరిచి, అందులోవి చెరిపేసి మొదలెడుతుంది. ఇన్నేళ్ళలో ఆ లైను ఆమె కళ్ళకి కనబడడమే మానేసింది.

"అయ్యో, తీసేస్తాను."

"దాని జోలికెళ్తే ఊరుకోనక్కా. ఆల్బమ్ మొత్తంలో అదొక్కటే మంచి లైను" అన్నాడు డ్రమ్ములవాడు.

పాటలు రాసింది కూడా పాడేవాడే. మొహం ముడుచుకున్నాడు.

పిన్ని మౌస్ మీంచి చెయ్యి తీసింది. తర్వాత మెల్లగా అంది, "నా తప్పుకి చోటు దొరికింది. నాకే దొరకలా."

"ఏంటక్కా?"

"నా పేరు. వెయ్యాలి. ఒక్క లైను చాలు."

ఇరవై రెండేళ్ళలో ఆమె నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి.

"ముందే చెప్పొచ్చుగా" అని గిటారమ్మాయి డ్రమ్ములవాడి వైపు తిరిగింది. "నీ డాక్టర్ని పీకెయ్."

"ఇంకో రెండు పళ్ళు ఆయన చేతిలో ఉన్నాయి. నీ కింది వాటావాళ్ళని తియ్."

"తీస్తే ఈసారి నిజంగానే పోలీసుల్ని పిలుస్తారు."

ఇద్దరూ ఒకేసారి పాడేవాడిని చూశారు.

"కష్టపడ్డాను కదరా" అన్నాడు వాడు.

"ఆ మాట మనసులో చెప్పుకో. ఉచితం" అంది గిటారమ్మాయి.

వాడే వచ్చి, పిన్ని భుజం మీంచి వంగి, తన లైను తనే చెరిపాడు.

తెల్లారి మెషిను మీంచి మొదటి షీటు వచ్చింది. పిన్ని భూతద్దం పెట్టి బార్‌కోడు చూసింది, నిమిషాలు చూసింది, కృతజ్ఞతల్లో ఉన్న అందరినీ వరసగా పలకరించింది. తన లైను దగ్గరికి వచ్చేసరికి భూతద్దం నా చేతిలో పెట్టేసింది.

"నువ్వు చూడు. అక్షరాలు సరిగ్గా పడ్డాయా?"

"పడ్డాయి పిన్నీ."

"అయితే చదువు."

చదివాను.

"మెషిను మోతలో వినపడలా" అంది. మెషిను ఆగి అప్పటికే రెండు నిమిషాలైంది. ఈసారి ప్రెస్సంతా తిరిగి చూసేంత గట్టిగా చదివాను.