అగరొత్తి పొగ లోపలికి పోవాలి

ల్యాబ్ సార్ పోయారని ఇంద్రేశం నుంచి ఆయన ఇంటి కింది వాటావాడు ఫోన్ చేసినప్పుడు నేను పాశమైలారంలో ఒక ఏసీ విప్పుకొని కూర్చున్నాను. గుండెపోటట. "అన్నా, నువ్వు ఎప్పటిలెక్క మజాక్ చెయ్యకు. నిజంగనే పోయిండు" అన్నాడు, నేనింకా నోరు తెరవకముందే. నా పేరు అట్లాంటిది మరి.

మా దగ్గరి ఒక సర్కారు దవాఖానాలో టీబీ పరీక్షల ల్యాబుకు ఆయన పెద్ద. ఏసీ బాగుచేయడానికి పోయి పరిచయమయ్యాను. జిల్లాల్లో ల్యాబులన్నిటినీ బలపరుస్తామని పైనుంచి పంపిన ఉక్కు పెట్టె ఒకటి అక్కడ ఉండేది. కఫం డబ్బా మూత తీస్తే లేచే క్రిములను అది లోపలికి లాగి ఫిల్టరులో పట్టేస్తుంది. రోజూ పని మొదలయ్యే ముందు సార్ దాని నోటి దగ్గర అగరొత్తి పట్టుకొని, పొగ లోపలికి పోతోందా లేదా అని కళ్లు చికిలించి చూసేవారు. నేనూరుకుంటానా? ఒక మంగళవారం దాని ముందు కొబ్బరికాయ, బంతిపూలు పెట్టి వచ్చాను.

"ఏవయ్యా, మొక్కు నీదేనా?" అన్నారు. ఆయనది కోస్తా మాట.

"అవు సార్. మీ దేవుడు ఎప్పుడు పలుకుతడో సూద్దామని."

"పలకడు. గాలి పీలుస్తాడంతే. ఆయన మానేసిన రోజున మనం పీలుస్తాం."

కాయ మాత్రం గేటు బయట కొట్టించి, అందరి చేతులూ కడిగించి పంచారు.

కొన్నేళ్లకు పొగ బయటికి రావడం మొదలైంది. ఫిల్టరు మార్చేవాళ్లు ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. నేను విప్పుతానంటే చెయ్యి పట్టుకొని ఆపారు. "ఇది ఏసీ కాదయ్యా. ఇన్నాళ్లు పట్టిందంతా లోపలే ఉంది." పెట్టెకు తాళం వేసి, కఫం డబ్బాలను హైదరాబాద్ పంపసాగారు. రిపోర్టులకు వారాలు పట్టేది.

జిల్లా ఆఫీసరొచ్చి గొంతు పెంచాడు. "పేషెంట్లు గోస పడుతుంటే ఫిల్టర్ ఫిల్టర్ అంటరేందండీ? జెర అడ్జస్ట్ చేస్కోవాలె."

"గాలికి మొహమాటం లేదండీ. మూత తీసేది మీరూ నేనూ కాదు, ఆ అమ్మాయి" అన్నారు సార్, టెక్నీషియన్‌ను చూపించి.

ఆయన గెలిచారని రాయాలని నాకూ ఉంది. ఒడిశా కూలీ ఒకడికి టీబీ ఉందని రిపోర్టు వచ్చేసరికి, వాడు దగ్గుకుంటూ రైలెక్కి పోయాడు. ఫోన్ కలవలేదు. నేనేదో జోకు వేయబోతే సార్ అడ్డంగా తలూపారు. "ఇవాళొద్దయ్యా. తాళం తీస్తే ఈ పిల్ల, వేస్తే ఆ కూలీ. ఎవర్ని ఎంచుకోమంటావు?"



సార్ రిటైరైన మర్నాడే ఆఫీసరు తాళం తీయించాడు. ఫిల్టరు రాలేదు. ఆయన ఇంటి దగ్గర్నుంచి నాకు ఫోన్ చేసేవారు: "అటు వెళ్లావా? వచ్చిందా?" వచ్చింది సార్ అని ఒక్క అబద్ధమాడితే హాయిగా పడుకునేవారు. నాకొచ్చిన విద్యే అది. ఆయన దగ్గర మాత్రం నోరు రాలేదు.

దహనం అయ్యాక, ఆ అమ్మాయికి చెబుదామని ల్యాబుకు పోయాను. కిటికీ అవతల ఒక్కతే ఉంది. కిటికీ దగ్గరికొచ్చి, మాస్కు దించి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఊపిరి బిగబట్టి, మాస్కు పైకి లాక్కొని, ఆ ఉక్కు పెట్టె దగ్గరికి పోయి డబ్బా మూత తీసింది. గాజు పలక మీద కఫం పూసి, మూత బిగించి, గబగబా కిటికీ దగ్గరికొచ్చి ఊపిరి వదిలింది. నన్ను చూసి నవ్వింది. ఆగమన్నట్టు వేలు చూపించి, మళ్లీ గాలి పీల్చుకొని, ఇంకో డబ్బా దగ్గరికి నడిచింది.