ద్రాక్ష పందిరి కింద నీలం కోటు

మా మేనత్త పోయిందని సెల్వి ఫోను చేసినప్పుడు నేను కోయంబత్తూరులో, నేను పనిచేసే ఎక్స్‌పోర్ట్ కంపెనీలో, పిల్లల పైజామాలకు దారాలు కత్తిరిస్తున్నాను. సెల్వి మా చిన్నమనూరు ద్రాక్ష తోటల్లో అత్తతో కలిసి పనిచేసేది. "అక్కా, పెద్దమ్మ పోయినాది. పొద్దున కాఫీ పెట్టుకొని తాగినాది, గోడకు ఆనుకొని కూర్చున్నాది, అంతే," అంది. ఏడవలేదు. "తోటాయనకు చెప్పినాము. రేపు కోత లేదు," అంది. ఒక కూలి మనిషి కోసం ఆ తోటలో కోత ఆగడం నేను వినడం అదే మొదలు.

అత్త ద్రాక్ష కోసే ఆడవాళ్ల గుంపుకు ముందుండేది. మా వైపు తోటపనికి పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. మా అరవదేశపు కంబం దారిలో బస్సులో పోయినవాళ్లు చూసే ఉంటారు. ద్రాక్ష తీగలు తల మీద పందిరిగా ఉంటాయి. రోజంతా చేతులు పైకెత్తి కోయాలి. కొమ్మలు గీరుకుంటాయి, మందు కొట్టిన ఆకులు మోచేతులకు రాసుకుంటాయి. చొక్కా లేకుండా కుదరదు. ఆ చొక్కా మొగుడిదో కొడుకుదో అయి ఉండాలి. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు గాని అందరికీ తెలుసు. గళ్లనూ చారలనూ బట్టి ఫలానామె ఫలానావాడి భార్య అని గట్టు మీద నుంచే చెప్పేవాళ్లు.

మామ చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఆయన వదిలిపోయిన చొక్కాలను అత్త ఒకదాని తరువాత ఒకటి తోటలో అరగదీసింది. చేతులు చిరిగితే వీపు గుడ్డ కోసి అతుకు వేసేది. ఆఖరుదానికి అతుకు వేసే చోటు కూడా మిగలకపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసింది. "మీ మామ ఇంకా వంటింట్లోనే ఉన్నాడు పాపా," అనేది.

మా నాన్న చొక్కాలు మా అమ్మకే చాలవు. పక్కింటామె జాలిపడి తన భర్త చొక్కా ఒకటి ఇచ్చింది. అత్త దాన్ని తొడుక్కుని పనికి పోయొచ్చిందో లేదో, కొళాయి దగ్గర ఒకామె, "సట్ట బాగుండాదే. ఎవురిది?" అంది. ఎవరిదో ఆమెకు తెలుసు. అత్త ఆ చొక్కా ఉతికి, ఆరేసి, మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది. బజారులో కొత్తది కొనుక్కోవచ్చు కదా అని నేనన్నాను. "కొంటే మాత్రం ఎవురికి అని అడగరా?" అంది.

ఆ తరువాత ఒట్టి జాకెట్టుతోనే పోయింది. మందు తగిలి చేతులు భుజాల దాకా పొక్కాయి. చల్ల అన్నం కలిపినా మంట. "తోట వదిలేస్తాను, టీ కడలో గ్లాసులు కడుగుతాను," అని నాన్నతో అంది. ఆమెకు ఇష్టమైన పని ద్రాక్ష ఒక్కటే. గుత్తి అడుగున కాయను వేలితో తాకి, పండిందో లేదో చెప్పేది. ఆ పని ఒక చొక్కా లేక పోయేట్టుంది.

అప్పుడే మా కంపెనీకి ఫ్రాన్సు నుంచి ఒక కోటు శాంపిల్‌గా వచ్చింది. అక్కడి రైలు పనివాళ్లు, ఫ్యాక్టరీ పనివాళ్లు, పొలం కూలీలు తొడుక్కునేదట. మందపు నూలుగుడ్డ, నీలం రంగు. బయట మూడు పెద్ద జేబులు, లోపల ఒకటి. అస్తరు లేదు. ఎవరో ఏళ్ల తరబడి తొడుక్కుని ఉతకగా వెలిసిపోయి, మోచేతుల దగ్గర అతుకులు పడి ఉంది. ఇప్పుడు అలాంటివే ఆఫీసులకూ కాఫీ హోటళ్లకూ తొడుక్కుని పోతున్నారని మా సూపర్‌వైజర్ చెప్పాడు. మేము కొత్తవి కుట్టి, మెషీన్‌లో రాళ్లతో కలిపి ఉతికి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, పాతవి చేసి పంపేవాళ్లం. జేబు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు వచ్చిన కోటొకటి పక్కన పడేస్తే నేను అడిగి తెచ్చుకున్నాను. సెలవుకు పోయినప్పుడు అత్తకు ఇచ్చాను.

"ఎవురిది?" అంది ముందు.

"ఎవరిదీ కాదత్తా. కొత్తది."

"కొత్తదయితే ఇట్లా వెలిసిపోయి ఉండాదే?"

సంగతి చెప్పాను. అత్త కోటు తిప్పి తిప్పి చూసింది. "కొత్తదాన్ని పాతది చేసేదానికి మీకు సంబళం ఇస్తారా? నా కాడికి పంపమను. ఒక కోతలో చేసిస్తాను."

మర్నాడు తోటలో ఆమెను చూసి సెల్వి, "ఈబీ లైన్‌మాన్ వచ్చినాడు, కరెంటు పోతాది చూడండి," అందట. "ఆమా, ముందు నీ ఇంటి ఫ్యూజే పీకుతాను," అందట అత్త. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సరి. ఎవరిదని ఎవరూ అడగలేదు. అలాంటి కోటు తొడుక్కునే మగవాడు మా ఊళ్లో లేడు మరి.

అయితే ఆ గుడ్డ మా ఎండకు పనికిరాలేదు. అత్త దాన్ని టైలరు దగ్గరికి తీసుకుపోయి, పలచటి నూలులో అదే మాదిరి కుట్టమంది. "కొలత ఆడవాళ్లదా, మగవాళ్లదా?" అని అడిగాడు టైలరు. "చీర మీదకి వచ్చే కొలత," అంది. కుచ్చెళ్లు నలగకుండా పక్కల చీలిక పెట్టించింది. ఒక జేబులో కత్తెర, ఒక జేబులో ఆకూవక్కా, లోపలి జేబులో ఫోను. మొగుడు కేరళకు పోయి తిరిగిరాని సెల్వి రెండోది కుట్టించుకుంది. తరువాత మొగుళ్లు ఉన్నవాళ్లూ అడిగారు. "మా ఆయన సట్ట నిండా బీడీ చిల్లులే పెద్దమ్మా," అంది ఒకామె.

కంటి ఆపరేషనుకు కోయంబత్తూరు వచ్చినప్పుడు అత్తను ఆర్.ఎస్. పురంలో అద్దాల తలుపుల కొట్ల వెంట తిప్పాను. ఒక కాలేజీ అబ్బాయి అచ్చం ఆ కోటే తొడుక్కుని ఎదురొచ్చాడు. అత్త ఆగిపోయి, "ఏ తోటలో పని తంబీ?" అని అరవంలో అడిగింది. వాడు నవ్వి, పని లేదు అవ్వా, ఫ్యాషన్ అన్నాడు. "జేబుల్లో ఏమి పెట్టుకుంటావు?" అంటే తడిమి చూసుకుని, ఏమీ లేదన్నాడు. అత్త తన కోటు జేబులోంచి ఒక నారింజ మిఠాయి బిళ్ల తీసి అతని జేబులో వేసింది. బస్సు ఎక్కేదాకా ఆ అబ్బాయి గురించే మాట్లాడింది. బాగున్నాడంది. వాడికి ఆ రంగు నప్పిందంది.

మరుసటి పంటకు తోటాయన గుంపంతా నీలంగా ఉండడం చూసి ముచ్చటపడ్డాడు. కంపెనీ మాదిరి ఉంది, వీపు మీద తోట పేరు అచ్చు వేయిస్తాను, ఖర్చు నాదే అన్నాడు. కొందరికి అది బాగానే తోచింది. అత్త ఒప్పుకోలేదు.

"మీ పేరు ఎందుకన్నా మా వీపు మీద? కట్టుకున్నోళ్ల పేర్లే ఇప్పుడిప్పుడే తీసినాము."

ఆ పంట కోతకు ఆయన వేరే గుంపును పిలిచాడు. మావాళ్లకు కష్టమైన రోజులే అవి. సెల్వి ఇంటికొచ్చి అరిచింది, పేరే కదా, వేయించుకుంటే ఏం పోతుందని. "మీ కోట్లు మీవి, వేయించుకోండి. నాదాని మీద మాత్రం వద్దు," అని అత్త అరటి తోటలో పనికి పోయింది. మిగతావాళ్లు కొంచెం అటూఇటూ ఊగి, ఆమె వెనకే పోయారు. ఆ తరువాతి పంటకు తోటాయనే వాళ్లను పిలవడానికి మనిషిని పంపాడు. అచ్చు మాట మళ్లీ ఎత్తలేదు.

కోటు తెచ్చింది మా మేనకోడలు అని అత్త అందరికీ చెప్పేది. నేను తెచ్చింది పారేసిన గుడ్డ. మిగిలినదంతా ఆమె చేసుకున్నది. ఇప్పుడు పక్క ఊళ్ల నుంచి కూడా ఆ మాదిరి కావాలని వస్తున్నారని టైలరు చెప్పాడు.

కర్మ అయిన మర్నాడు గుంపు తోటకు పోయింది. పండు ఆగదు కదా. కోయంబత్తూరుకు బయలుదేరే ముందు నేనూ పోయాను. కొత్తగా ఒకామె పనికి వచ్చింది. భర్త వదిలేశాడని చెప్పారు. చీర, జాకెట్టు, చంకలో అన్నం డబ్బా. పందిరి బయటే నిలబడిపోయింది. సెల్వి సంచిలోంచి ఒక కోటు తీసి, "తొడుక్కో, ఎండెక్కుతాంది," అని ఇచ్చి తన వరుసలోకి పోయింది. ఆమె తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. చేతులు పొడుగైతే మడిచింది. జేబులు తగిలాయి. రెండు చేతులూ వాటిలో పెట్టి కాసేపు అట్లాగే నిలబడింది. తరువాత ఒక చేయి బయటికి తీసి, తల మీదున్న గుత్తిని పట్టుకుంది.