దేవుడికి దారి చెప్పిన అవ్వ

మొన్న ఆదివారం చర్చిలో కొత్తగా వచ్చిన అయ్యగారు "ఈ వాడనంతా దీవించు ప్రభువా" అని ఒక్క మాటలో ప్రార్థన ముగించారు. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. నాయినను కన్నతల్లి. తిరుమలగిరి దగ్గరి మా వాడ కోసం ఆమె ప్రార్థన చేస్తే, ఒక్కో ఇంటికీ దేవుడికి దారి చెప్పేది. "వాగు దాటినంక ఎడమ చేతికి రా దేవా. తడిక కూలిన ఇల్లు. అండ్ల బాలింత ఉన్నది." నాకు నవ్వాగేది కాదు. "దేవునికి తెల్వదా అవ్వా?" అంటే కసిరేది. "దొర మనుషులు తప్ప గీ వాడకు ఎవడన్న వచ్చిండా? దవాఖానోళ్లు రారు, టపాలాయన రాడు. చెప్పకుంటే ఎట్ల దొరుకుతదే?" వాడ పిల్లలను బడి అరుగు ఎక్కనిచ్చేవారు కాదు కనుక అక్షరాలు నాయిన దగ్గర, ప్రార్థన అవ్వ దగ్గర నేర్చుకున్నాను. ఆ ఇద్దరిని ఇచ్చినందుకు దేవుడికి నేను రుణపడి ఉన్నాను.

నిజాం పాలన చివరి రోజులు. నాకు పదేళ్లుంటాయి. దొర గడీలో వెట్టికి రామని వాడంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాట మొదట అన్నది నాయిన అని, వరసకు చిన్నాయన అయ్యే పక్కింటాయన దొర మనుషులకు చెప్పాడు. వాళ్లు నాయిన చేతులు కట్టి తీసుకుపోయారు, రెండిళ్లు తగలబెట్టారు. జనమంతా గుట్టల్లోకి పోయారు. అమ్మ అంతకు ముందే చనిపోయింది. చూపు ఆనని అవ్వ గుట్ట ఎక్కలేదు. ఆమె దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను.

తెల్లారగానే నా భుజం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. ఎక్కడా పొయ్యి పొగ లేదు, కోడి కూత లేదు. మూసిన తడికల మీద అరచేయి ఆనించి, లేని మనుషులను పేరుపేరునా దేవుడికి అప్పగించేది. చిన్నాయన ఇంటి ముందు మాత్రం నేను ఆగలేదు.

"ఇల్లు దాటినవేందే?"

"నేను రాను. నాయినను పట్టిచ్చినోడు."

అవ్వ నా భుజం వదిలి, గోడ తడుముకుంటూ తనే పోయింది. "గీ ఇల్లు గుడ మరువకు దేవా. వాని గోర్లు ఊడగొట్టి చెప్పిపిచ్చిండ్రు. ఇగ ఏ మొఖం పెట్టుకొని వస్తడు? నువ్వే తోలుకరా. నా కొడుకును గుడ..." అని ఆగిపోయింది. ఎంతసేపటికీ ఆమెన్ అనలేదు.

నాయిన తొమ్మిదో రోజున వచ్చాడు. ఆయన కుడి చేయి మళ్లీ పైకి లేవలేదు కానీ, ప్రాణంతో ఇచ్చినందుకు ఇవాళ్టికీ స్తోత్రం చెప్పుకుంటాను. గుట్టల నుంచి అందరూ దిగారు. చిన్నాయన రాలేదు, ఆయన వాళ్లూ రాలేదు. నేను ఆ ఇంటి దగ్గర ఆగి, ప్రార్థనలో ఆయన పేరు పలికేనాటికి అది ఉత్త జాగా, నా తల సగం నెరిసింది. గోడ తడుముకుంటూ అవ్వ ఒక్క పొద్దున నడిచిన ఆ పది అడుగులకు నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది.